తీరం దాటడమంటే...

మా తాతగారు పొద్దున్నే పంచాంగం విప్పి తిథీ వారమూ నక్షత్రమూ వర్జ్యమూ చూసుకున్నాకే గడప దాటేవారు. నేను పొద్దున్నే విప్పేది వాతావరణ సూచన. పదవీ విరమణ తర్వాత పొద్దుపోక పట్టుకున్న వ్యసనమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు గాని, ఇది అంతకు చాలా ముందునుంచీ ఉన్న నిత్యానుష్ఠానం. కృష్ణా జిల్లాలో సముద్రానికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. అక్కడ గాలి కబురు తెలియకుండా బడి గంట కొట్టడం కూడా కష్టమే.

“తెలుగు పండితుడివి, నీకు వాయుగుండాలతో పనేమిటయ్యా?” అని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. వాతావరణం శాస్త్రజ్ఞుల సొత్తే, కాదనను. కాని వాతావరణ సూచన ఉన్నదే, అది భాష. అది వినేవాడి చెవిలో ఏ అర్థంతో దిగుతుందన్నది మా పండితుల పరిధిలోని విషయమే.

ప్రతిరోజూ అమరావతి వాతావరణ కేంద్రం నుంచి వచ్చే సూచనను చూసేవారికి దాని నడక తెలిసే ఉంటుంది. ఉత్తర కోస్తా మరియు యానాం, దక్షిణ కోస్తా, రాయలసీమ అని మూడు భాగాలు. ఒక్కో భాగంలో ఈరోజు, రేపు, ఎల్లుండి. ఆ “మరియు” చూసినప్పుడల్లా నా చెయ్యి ఎర్ర సిరా కలం కోసం తడుముకుంటుంది. అచ్చు సాగదీస్తే అతికిపోయే మాటలకు ఈ అరువు ముడి ఎందుకు? సరే, ప్రాణాలు కాపాడే వాక్యంలో “మరియు” ఉన్నా క్షమించవచ్చు. నా ఆరాటం దాని గురించి కాదు.

సూచనలోని మాటలు అలవాటుగా చల్లినవి కావు, కొలిచి పెట్టినవి. “ఒకటి రెండు చోట్ల వర్షాలు” అంటే ఆ ప్రాంతంలోని వర్షమాన కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. “కొన్ని చోట్ల” అంటే సగం దాకా, “చాలా చోట్ల” అంటే ముప్పావు దాకా, ఆపైన “దాదాపు అన్ని చోట్లా”. అలాగే “భారీ వర్షం” అనేది 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది. 115.6 నుంచి “అతి భారీ”, 204.4 మించితే “అత్యంత భారీ”. ఆ చివరి వాన ఒక ఎకరం చేలో కురిస్తే ఎనిమిది లక్షల లీటర్ల పైచిలుకు నీరు నిలుస్తుంది. మన భాషలో వానకు ఎన్ని పేర్లు! తుంపర, చినుకు, జల్లు, ముసురు, జడి, కుండపోత. కవికి అవన్నీ కావాలి. కాని వరి కోతకు వచ్చిన రైతుకు “కుండపోత” కన్నా “115.6” ఎక్కువ ఉపకారం చేస్తుంది, ఆ అంకె వెనక ఉన్నదేమిటో అతనికెవరైనా చెప్పి ఉంటే.

రంగులూ అంతే. ఆకుపచ్చ అయితే హెచ్చరిక ఏమీ లేదని. పసుపు అయితే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు అయితే ఇక చేయవలసినది చేసెయ్యమని. నాలుగు రంగులూ నాలుగు క్రియలన్నమాట.

ఇక రోజువారీ ఆపదల్లో తుఫాను కన్నా తరచుగా వచ్చేది పిడుగు. “ఉరుములతో కూడిన మెరుపులు” అని రాస్తారు. ముందు మెరిసేది మెరుపే, ఉరుము దాని వెనకాల వస్తుంది. వాక్యంలో క్రమం తారుమారైనా ఆకాశంలో కాదు. కాంతి కంటికి తక్షణం అందుతుంది, ధ్వనికి కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మన ఇళ్లలో ఉరుమగానే అర్జునుడి పది పేర్లూ చదివించే ఆచారం ఉంది కదా. పిల్లలకు నేను దానికే ఒక లెక్క జోడించేవాణ్ణి. మెరుపు కనబడగానే పేర్లు మొదలుపెట్టండి, తొందరపడకుండా చదివితే పదికీ ఇంచుమించు పది సెకన్లు. అవి పూర్తికాకముందే ఉరుము వినబడిందా, పిడుగు మూడు కిలోమీటర్ల లోపలే పడినట్టు. పేర్లన్నీ అయ్యాక వినబడినా నిశ్చింత లేదు. ఉరుము చెవిన పడిందంటేనే మనం పిడుగు అందే దూరంలో ఉన్నట్టు. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి నడవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థవారు పిడుగుల కబురు చెప్పే సెల్‌ఫోను అనువర్తనానికి “దామిని” అని పేరు పెట్టినప్పుడు, మెరుపుతీగకు అంతకన్నా తగిన పేరు దొరకదని ముచ్చటపడ్డాను.

వేసవిలో ఎండ సంగతి మరొకటి. మైదానంలో వడగాలి అనాలంటే ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాలి. తీరప్రాంతానికి ఆ హద్దు 37 డిగ్రీలే, దానితోపాటు మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఈ చిన్నచూపేమిటని ఒక పిల్లవాడు అడిగాడు. చిన్నచూపు కాదురా, జాలి. ఇక్కడ గాలినిండా తేమే. చెమట పడుతుంది గాని ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. “ఉక్కపోత” అన్న మాటలో ఉన్న ఆయాసమంతా అదే. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. తుఫానుకున్నట్టు ఎండకు పేరుండదు కాబట్టి ఆ సంఖ్య ఎవరికీ గుర్తుండదు.

సముద్రపు అలల కబురు చెప్పేది, చిత్రంగా, సముద్రమే లేని హైదరాబాదు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ అక్కడే ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడినుంచే వస్తున్నాయి. ఆ సంస్థ వాడే మాట ఒకటి నన్ను ఆకట్టుకుంది: “కల్లక్కడల్”. మలయాళ దేశపు జాలర్ల మాట అది, దొంగలా వచ్చే సముద్రం అని అర్థం. ఇక్కడ గాలీ వానా ఏమీ లేకుండా, ఎక్కడో దూరపు సముద్రంలో లేచిన తుఫాను తాలూకు ఉబ్బు కెరటాలు చడీచప్పుడు లేకుండా ఒడ్డుమీదికి రావడాన్ని అలా అంటారు. 2012లో యునెస్కో ఆ మాటను శాస్త్రవ్యవహారానికి అంగీకరించింది. ఒక జాలరి నోటిమాట శాస్త్రంలో పీట వేసుకుని కూర్చుంది. మన తీరంలోనూ అలాంటి మాటలు ఉండకపోవు. మనమే అడిగి రాసుకోలేదు.

తుఫాను మాటలకు వస్తాను. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు అల్పపీడనానికి విగ్రహవాక్యం చెబుతూ “అల్పమైన పీడ” అన్నాడు. తరగతి నవ్వింది. నేను మెచ్చుకున్నాను, ఎందుకంటే వాడు చెప్పినది వ్యాకరణరీత్యా తప్పయినా అనుభవరీత్యా ఒప్పే. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, ఇలా మెట్లు మెట్లుగా పోయి సూపర్ సైక్లోను దాకా ఉంటుంది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 62 దగ్గర తుఫాను, 89 దగ్గర తీవ్ర తుఫాను, 118 దగ్గర అతి తీవ్ర తుఫాను, 222 దగ్గర చివరి మెట్టు. నిచ్చెన ఉందని ప్రతి అల్పపీడనమూ పైదాకా ఎక్కదు. చాలావాటికి రెండో మెట్టు దగ్గరే ఊపిరి ఆగిపోతుంది.

కాని కొన్ని వార్తా ప్రసారాలకు ఆ ఓపిక ఉండదు. మొదటి మెట్టు మీద ఉండగానే విలయమనీ తాండవమనీ బీభత్సమనీ మొదలుపెడతారు. విశేషణాలన్నీ అల్పపీడనానికే ఖర్చయిపోతే అతి తీవ్ర తుఫాను వచ్చిన రోజున ఏం మిగులుతుంది? “నాన్నా పులి” కథలో అసలు నష్టపోయింది పులి రాకముందు అరిచిన అరుపులవల్లే కదా.

ఇంకొక చిక్కు దిక్కులతో. “నైరుతి బంగాళాఖాతంలో” అంటే అది చోటు: ఖాతంలో నైరుతి మూల. “నైరుతి గాలులు” అంటే అవి నైరుతినుంచి వచ్చేవి. ఒకే మాట ఒకచోట ఉనికిని, మరొకచోట పుట్టుకను చెబుతుంది. గాలికి ఎప్పుడూ పుట్టింటి పేరే అని పిల్లలకు చెప్పేవాణ్ణి, మరచిపోకుండా ఉండటానికి. “ద్రోణి” అన్నప్పుడు దోనె గుర్తుకు తెచ్చుకోమనేవాణ్ణి. ద్రోణికి తద్భవమే దోనె. గాలి బరువు తగ్గి పొడుగ్గా పల్లమైన చోటు అది, ఆకాశంలో ఒక దోనె లాంటిది.

వీటన్నిటిలోనూ నన్ను ఎక్కువ భయపెట్టే మాట “తీరం దాటడం”.

2013 నవంబరు 22 మధ్యాహ్నం హెలెన్ తుఫాను మచిలీపట్నానికి దక్షిణంగా, దగ్గరలోనే తీరం దాటింది. లోతట్టు ఇళ్లవాళ్లను ముందురోజే మా బడికి చేర్చారు. తరగతి గదుల్లో బల్లలు ఒక మూలకు నెట్టి చాపలు పరిచాం. బయట కొబ్బరిమట్టలు నేల ఊడుస్తున్నాయి. అంతలో ఎవరి చేతిలోని రేడియోలోనో “తుఫాను తీరం దాటింది” అని వినబడింది. వెంటనే ఒక ముసలావిడ లేచి కొంగు బిగించింది.

“దాటిపోయిందంటన్నారుగా మాస్టారూ! కోళ్లు గంపకిందే ఉండిపోయినియ్యి. ఎల్లి సూసొత్తాను.”

ఆవిడ వెనకే మరో నలుగురు లేచారు. ఆవిడ తెలుగులో తప్పేమీ లేదు. ఏరు దాటాడంటే అవతలికి వెళ్లిపోయాడనే. ఊరు దాటాడంటే ఇక ఊళ్లో లేడనే. గండం దాటిందంటే బతికామనే. “దాటు” అన్న క్రియ మన చెవికి ఎప్పుడూ ముగింపునే చెబుతుంది. తుఫాను తీరం దాటడంలో మాత్రం అది మొదలు. అప్పటిదాకా సముద్రం మీద ఉన్నది నేలమీదికి, మన మీదికి వచ్చిందన్నమాట. అదీ ఒక్క క్షణంలో తేలేది కాదు. సుడి పూర్తిగా నేలమీదికి రావడానికి గంటలు పడుతుంది. నడుమ కన్ను మన పైకి వస్తే గాలి ఒక్కసారిగా పడిపోతుంది, ఒక్కోసారి ఎండ కూడా కాస్తుంది. అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్లను అంతకుముందు వీచిన దిక్కుకు ఎదురు దిక్కునుంచి గాలి పట్టుకుంటుంది.

ఇదంతా ఆవిడకు చెప్పే వ్యవధి లేదు. “అమ్మా, అది దాటిపోలేదు. ఇప్పుడే ఒడ్డెక్కింది. మనమింకా గట్టెక్కలేదు, కూర్చో” అన్నాను. ఆవిడ ఒక్క నిమిషం నావైపు చూసి, “ఒడ్డెక్కిందా! మరి అట్టా సెప్పరేం?” అని చతికిలబడింది. మిగతా నలుగురూ కూర్చున్నారు. పడవ ఒడ్డెక్కడం వాళ్లు రోజూ చూసేదే. లోపలికి వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు.

మరి అట్టా చెప్పరేం? పన్నెండేళ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. “తీరాన్ని తాకింది” అనవచ్చు, “నేలకెక్కింది” అనవచ్చు, “ఒడ్డెక్కింది” అంటే మరీ మంచిది. “దాటింది” అనే తీరాలనుకుంటే, “గాలి తగ్గే దాకా బయటికి రావద్దు” అన్న వాక్యం దానికి తోకలా అంటిపెట్టుకుని ఉండాలి.

ఈ మాట పట్టింపు నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్లు. మాది లోపలి ఊరు, గుడివాడ వైపు. మాకు పెంకులు లేచిపోయాయి, చెట్లు కూలాయి. గాలివాన గట్టిగా కొట్టిందనుకున్నాం, అంతే. దివిలో ఏమైందో రెండు మూడు రోజుల తర్వాత గాని తెలియలేదు. ఇంచుమించు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం మైళ్లకొద్దీ లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల దగ్గర ప్రాణాలు పోయాయి. అప్పటికి రెండేళ్ల కిందటే హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారు ఆ సీమవారే. సభలకోసం తిరిగిన మనిషి ఇప్పుడు శవాల నడుమ, ఆకలి నడుమ తిరిగారు.

తర్వాత ఉద్యోగంలో చేరి ఆ తీరానికి వెళ్లినప్పుడు, తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికిన ఒకాయనతో పరిచయమైంది. మా విద్యార్థి తండ్రి. ఆయన చెప్పిన మాట ఒకటి మరువలేనిది. “తుపానొత్తదని తెలుసు మాస్టారూ. గాలికి కాసుకున్నాం. తలుపులు బిగించాం, కప్పుకు మోకులు కట్టాం. నీళ్లకు కాసుకోలేదు.” తుఫాను అనగానే ఆయన మనసులో మెదిలింది గాలి. చంపింది నీరు.

ఆయన వినని సంగతి మరొకటి ఉంది. మన అర్ధగోళంలో తుఫాను అప్రదక్షిణంగా తిరుగుతుంది. అందువల్ల అది ముందుకు సాగే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేలమీదికి తోస్తుంది, ఎడమవైపున నేలనుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఉప్పెన బలం కుడివైపునే. మన కోస్తాలో సముద్రానికి ఎదురుగా నిలబడి చూస్తే అది మన ఎడమచేతివైపు తీరం. 1977లో తుఫాను ఒడ్డెక్కింది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. దివిసీమ దానికి కుడివైపున పడింది. “అక్కడెక్కడో దాటుతుందట” అని వినడం వేరు, “అక్కడ దాటితే ఇక్కడ ఉప్పెన” అని వినడం వేరు. ఆ రెండో వాక్యం అందితే మనిషి తలుపు బిగించుకుని లోపల కూర్చోడు, మెరకకు పోతాడు.

ఉప్పెన మనకు కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేలమంది పోయారంటారు. పలికితేనే నాలుకమీద ఉప్పు తగిలే ఇంతటి మాట మనకుండగా, గాలి వేగం చెప్పి ఊరుకుంటే ఎలా? ఇప్పుడు అలా ఊరుకోవడం లేదని సంతోషంగా ఒప్పుకుంటాను. 1977 తర్వాత తీరంవెంట తుఫాను ఆశ్రయాలు కట్టారు. 1990 మే 9న దాదాపు అంతటి తుఫానే కృష్ణా తీరాన్ని కొట్టినప్పుడు, ముందే జనాన్ని తరలించడంవల్ల మృతులు వెయ్యిలోపే ఉన్నారు. “లోపే” అని రాయడానికి చెయ్యి వణికినా, పదివేలతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ నాటికీ, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో ఒడ్డెక్కిన మొంథా నాటికీ, ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో, ఏ తీరంలో రావచ్చో రోజుల ముందే చెప్పగలిగారు. శాస్త్రం తన వంతు చేసింది. మిగిలింది చెవి.

ఆ చెవిని తుఫాను రోజున తయారుచేయలేం. మా బడిలో ఉదయపు ప్రార్థనలో వార్తలు చదివించేటప్పుడు వాతావరణ సూచన కూడా చదివించేవాణ్ణి. వరండాలో నల్లబల్లమీద రెండు గడులు: “చెప్పినది”, “జరిగినది”. రోజుకొక విద్యార్థి నింపాలి. మొదట్లో వాన రాకపోతే “అబద్ధం” అని రాసేవారు. “ఒకటి రెండు చోట్ల” అన్నారు కదా, ఆ చోటు మన ఊరే కావాలని ఉందా అని అడిగితే, పక్క ఊళ్లనుంచి వచ్చే పిల్లల్ని విచారించి రాయడం మొదలుపెట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలకు సూచనను ఎంత నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో తెలిసింది. ఎండ కాసే మామూలు రోజుల్లో చదివితేనే వచ్చే చదువు అది. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు చెప్పేది కూడా వాళ్లే.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల గురించి చెప్పి ముగిస్తాను. ఒకటి, రెండు నంబర్లు దూరపు కబుర్లు: ముప్పు సముద్రంలో ఎక్కడో ఉంది. మూడు, నాలుగు రేవుకే హెచ్చరికలు. అయిదునుంచి ఏడు ప్రమాదం, ఎనిమిదినుంచి పది మహా ప్రమాదం. పది తర్వాత ఇంకేముంటుందని పిల్లలు అడుగుతారు. పదకొండు ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఇక ఏ కబురూ రాదు, తెలిసినదాన్ని బట్టి మీరే నడుచుకోండని.

ఆ నంబరు ఎగిరిన రోజున రేడియో ఉండదు, సెల్‌ఫోనూ ఉండదు. నల్లబల్లమీద రాసి నేర్చుకున్నది మాత్రమే ఉంటుంది. ఈరోజు మా తీరానికి పసుపు రంగు ఇచ్చారు. ఒకటి రెండు చోట్ల ఉరుములూ మెరుపులూనట. వీధిలో ఆడుకుంటున్న మనవణ్ణి పిలిచి, అర్జునుడి పేర్లు ఎన్ని వచ్చో అడగాలి.